గోడ ఏమి మోస్తోంది?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని మార్చి చూడమని మాత్రం వారు అనలేదు. ఆ కాలంలో గోడను కదిలించాలంటే ఊరి తాపీ మేస్త్రి రావాలి, దూలాల కింద రాటలు పోటు పెట్టాలి, నలుగురూ చూస్తూండగా పని జరగాలి. నేడు విద్యుత్తుతో నడిచే డ్రిల్లింగు యంత్రాలూ, కోత యంత్రాలూ ప్రతి అంగడిలోనూ దొరుకుతున్నాయి. శుక్రవారం ఉదయం మొదలుపెట్టిన పని శనివారం సాయంత్రానికి పూర్తవుతుంది. ఖతార్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో రెండు విధాల బాధ్యత ఉన్నది. ఒకటి, దోహాలో తాము అద్దెకున్న ఇంట్లో చేసే మార్పులు. రెండవది, స్వగ్రామంలోనో హైదరాబాదులోనో ఉన్న సొంత ఇంట్లో, తాము లేని సమయంలో, కేవలం ఫోను సంభాషణల మీద జరిగిపోయే మార్పులు.

2023 మార్చి 22, శోభకృత్ నామ సంవత్సర ఉగాది. ఆ ఉదయమే దోహాలోని మన్సూరా ప్రాంతంలో, బిన్ దుర్హమ్ వద్ద బహుళ అంతస్తుల నివాస భవనమొకటి కుప్పకూలింది. మరణించినవారిలో భారతీయులు కూడా ఉన్నారు. కాంక్రీటు భవనమంటే చెక్కు చెదరనిదన్న నమ్మకాన్ని ఆనాటి దుర్ఘటన కదిలించివేసింది. భవనం ఎలా నిలబడుతుందో, గోడకు అందులో ఏ పాత్ర ఉన్నదో స్థూలంగానైనా తెలుసుకొనడం ఇంజనీర్లకే కాక గృహస్థులకు కూడా అవసరమే.

గోడలలో రెండు జాతులు

ఊరేగింపులో పల్లకిని ఊహించుకొనండి. నలుగురు బోయీలు దానిని మోస్తూంటారు. పక్కనే మరి కొందరు నడుస్తూంటారు. దూరం నుండి చూసేవారికి ఎవరి భుజం మీద బరువున్నదో, ఎవరు ఊరకే నడుస్తున్నారో తెలియదు. పక్కన నడిచేవాడు తప్పుకుంటే ఏమీ కాదు. మోసేవాడు తప్పుకుంటే అతని వాటా బరువు తక్షణమే మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. వారు దానికి సిద్ధంగా లేకపోతే పల్లకి ఒరుగుతుంది. గోడలూ అటువంటివే. కొన్ని భారవాహకాలు, కొన్ని కేవలం అడ్డుగోడలు. సున్నం వేసి రంగు పూసిన తరువాత రెండూ ఒకే విధంగా కనబడతాయి.

ప్రాచీన గృహాలలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే దాదాపు ప్రతి గోడా భారవాహకమే. దోహాలో 2019లో ప్రారంభమైన నూతన జాతీయ వస్తు ప్రదర్శనశాల ఆవరణలో షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ పాత భవనం భద్రంగా ఉన్నది. ఆనాటి ఖతార్ ఇళ్ళను సముద్రపు పగడపు రాయితోనూ, సున్నపు రాయితోనూ, మట్టితోనూ మందపాటి గోడలుగా కట్టేవారు. పైకప్పుకు తూర్పు ఆఫ్రికా నుండి పడవలలో వచ్చిన మడ చెట్ల వాసాలు వాడేవారు. ఆ వాసాల పొడవు పరిమితం కనుక గదుల వెడల్పు కూడా సుమారు మూడు మీటర్లకు పరిమితమయ్యేది. తెలుగునాట మట్టిమిద్దెలూ ఇదే సూత్రం మీద నిలిచాయి. దూలం గోడ మీద, గోడ పునాది మీద, పునాది నేల మీద ఆనుకొని ఉండేవి.

కాంక్రీటు వచ్చిన తరువాత పద్ధతి మారింది. శ్లాబు బరువును దూలాలు, దూలాల బరువును స్తంభాలు, స్తంభాల బరువును పునాదులు స్వీకరిస్తాయి. ఇది అస్థిపంజరం వంటిది. గోడలు దానికి చర్మం వంటివి. దోహాలోని అధిక సంఖ్యాక భవనాలు ఇటువంటివే. వాటిలో గోడలు సాధారణంగా బోలు సిమెంటు దిమ్మెలతో కట్టినవి. అయితే “కాంక్రీటు భవనం కనుక ఏ గోడనైనా తీయవచ్చు” అనుకోవడం పొరపాటు. అందుకు కారణాలు నాలుగు.

మొదటిది, స్తంభం గోడలోనే దాగి ఉండవచ్చు. గోడ మందమే స్తంభానికీ ఇచ్చి పైన పూత పూస్తే రెండింటికీ తేడా కంటికి కనబడదు. రెండవది, లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ ఉండే గోడలు చాలాచోట్ల అచ్చమైన కాంక్రీటు గోడలు. గాలి ఒత్తిడికి భవనం ఊగకుండా పట్టి ఉంచేవి అవే. మూడవది, కాలక్రమంలో శ్లాబు కొద్దిగా కుంగుతుంది. అప్పుడు కింద ఉన్న అడ్డుగోడ మీద దాని భారం కొంత ఆనుతుంది. నిర్మాణ సమయంలో బరువు మోయని గోడ, ఇరవై ఏళ్ళ తరువాత మోస్తూ ఉండవచ్చు. నాలుగవది, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలోని పాత ఒకటి, రెండంతస్తుల ఇళ్ళలో స్తంభాలే లేకపోవచ్చు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే శ్లాబును మోస్తాయి. అటువంటి ఇంట్లో వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసివేసి విశాలం చేయాలన్న కోరిక ప్రాణాంతకం కాగలదు.

గోడను తట్టి శబ్దాన్ని బట్టి నిర్ణయించడం, మందాన్ని బట్టి నిర్ణయించడం సరియైన పద్ధతులు కావు. పై అంతస్తులో అదే వరుసలో గోడ ఉన్నదా, శ్లాబు ఏ దిశగా ఆనుకొని ఉన్నది, నిర్మాణ పటంలో ఆ స్థానంలో ఏమి గీసి ఉన్నది అన్నవే సరియైన ప్రశ్నలు.

చరిత్ర చెప్పిన పాఠాలు

1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో 18వ అంతస్తులో వంటగ్యాసు పేలింది. పేలుడు పెద్దది కాదు. కాని ఆ భవనంలో గోడ పలకలే పై అంతస్తులను మోస్తున్నాయి. ఒక పలక బయటకు తన్నుకొనిపోగా దానిపై ఉన్న అంతస్తులు కూలాయి. ఆ తాకిడికి కింది అంతస్తులు కూడా ఒకదాని తరువాత ఒకటిగా కూలాయి. నలుగురు మరణించారు. భారవాహక గోడ ఒక్కటి తొలగితే ఏమవుతుందో ప్రపంచానికి తెలియజెప్పిన సంఘటన ఇది.

1995 జూన్ 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో సాంపూంగ్ అనే ఐదంతస్తుల వాణిజ్య సముదాయం కూలి 502 మంది మరణించారు. అక్కడ కారణం ఒక్కటి కాదు. 80 సెంటీమీటర్లు ఉండవలసిన స్తంభాలను 60కి తగ్గించారు. కదిలే మెట్ల కోసం కొన్ని స్తంభాలను కోశారు. ముందు ఊహించని ఐదవ అంతస్తును చేర్చారు. పైకప్పు మీద బరువైన శీతలీకరణ యంత్రాలను పెట్టి, వాటిని అటూ ఇటూ ఈడ్చారు. ప్రతి మార్పూ విడిగా చూస్తే చిన్నదే. అన్నీ కలిసి భవనం ఓర్పును హరించాయి. ఇళ్ళలోనూ జరిగేది ఇదే. ఒకరు గోడ తీస్తారు, తరువాత వచ్చినవారు పైన నీటి తొట్టె పెడతారు, మూడవవారు గొట్టం కోసం దూలానికి కన్నం వేస్తారు.

2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల ఇళ్ళు కూలాయి. వాటిలో అనేకం కింది అంతస్తులో కార్లు నిలపడానికి గోడలు లేకుండా వదిలినవి. పై అంతస్తులు గోడలతో బిగువుగా ఉండగా, కింది అంతస్తు మెత్తగా ఉండడంతో కుదుపు అంతా అక్కడి స్తంభాల మీదనే పడింది. అంటే అడ్డుగోడ బరువు మోయకపోయినా భవనానికి బిగువు ఇస్తుంది. ఒక అంతస్తులో గోడలన్నీ తొలగించడం ఆ బిగువును తగ్గించడమే.

గోడ చేర్చడం కూడా మార్పే

తీసివేయడమే ప్రమాదం, చేర్చడం కాదన్న అభిప్రాయం చాలామందికి ఉన్నది. ఒక చిన్న లెక్క చూద్దాం. దోహాలో పెద్ద విల్లాలను గదులుగా చీల్చి పలు కుటుంబాలకు అద్దెకివ్వడం పరిపాటిగా కనిపించిన విషయమే. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గల ఒక అడ్డుగోడ వైశాల్యం 12 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల బోలు దిమ్మెలతో కట్టి రెండువైపులా పూత పూస్తే చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు ఉంటుంది. మొత్తం 2,400 కిలోలు. రెండు చిన్న కార్లను తెచ్చి శ్లాబు మీద ఒకే వరుసలో నిలిపినట్లు.

నివాస గదులలో మనుషులకూ సామానుకూ కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకొంటాయి. నాలుగు మీటర్ల చదరపు గదికి అది 3,200 కిలోలు. కొత్త గోడ ఒక్కటే అందులో నాలుగింట మూడు వంతులు తినివేస్తుంది. పైగా ఆ బరువు గది అంతటా పరచుకోక ఒకే గీత మీద పడుతుంది. ఇంజనీరు అడ్డుగోడల కోసం కొంత అదనపు భారాన్ని ముందే లెక్కలో చేర్చి ఉండవచ్చు. కాని అది అతను ఊహించిన మేరకే. అదే గోడను తేలికైన లోహపు చట్రం మీద జిప్సం పలకలతో కడితే చదరపు మీటరుకు సుమారు 25 కిలోలు, మొత్తం 300 కిలోలు మాత్రమే అవుతుంది. అనుమతితో కట్టవలసి వచ్చినప్పుడు కూడా ఈ తేడా గుర్తుంచుకొనదగినది. గోడ తేలికైనదైనా, అది బయటికి పోయే దారిని మూసివేస్తే అగ్ని ప్రమాద సమయంలో అంతకన్నా పెద్ద శత్రువు ఉండదు.

మేకు మీద భారం

గోడలు తీయనివారు, కట్టనివారు కూడా మేకులు కొడతారు. ఇక్కడ సామాన్యంగా మరచిపోయేది తులాదండ సూత్రం. 25 కిలోల టెలివిజను అంటే ఒక బియ్యపు బస్తా. గోడకు ఆనించి బిగిస్తే బోల్టుల మీద ముఖ్యంగా కిందికి లాగే బలమే ఉంటుంది. కాని ముందుకు లాగి తిప్పుకొనే చేతి మీద దానిని అమర్చి అర మీటరు ముందుకు తెస్తే పరిస్థితి వేరు. పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య ఎడం 20 సెంటీమీటర్లు అయితే, పై బోల్టులను గోడ నుండి ఊడదీసే బలం 25ను 50తో గుణించి 20తో భాగించగా వచ్చే 62.5 కిలోలు. పిల్లవాడు ఆ చేతిని పట్టుకొని వేలాడితే ఇది మరెంతో పెరుగుతుంది. పుస్తకాల అరలకూ, గోడకు బిగించే పూజామందిరాలకూ ఇదే సూత్రం.

బోలు దిమ్మెకు బయటి పెంకు మాత్రమే గట్టిది. లోపల గాలి. డ్రిల్లింగు యంత్రం ఒక్కసారిగా లోనికి దూసుకుపోతే ఖాళీ తగిలిందని అర్థం. అక్కడ మామూలు ప్లాస్టిక్ బిరడా పట్టు ఇవ్వదు. లోపల విచ్చుకొనే రకం బిగింపు కావాలి. తీగల కోసం గోడలో గాడి కొట్టవలసి వస్తే, నిలువు గాడి లోతు గోడ మందంలో మూడవ వంతుకూ, అడ్డ గాడి లోతు ఆరవ వంతుకూ మించరాదన్నది బ్రిటిష్ నిర్మాణ నియమం. బోలు దిమ్మె గోడకు ఆ మాత్రపు గాడి కూడా పెంకును ఛేదించగలదు కనుక మరింత జాగ్రత్త అవసరం.

ఇక ఉయ్యాల. తెలుగింట ఉయ్యాల బల్ల మీద మోజు సముద్రాలు దాటినా పోలేదు. కదలకుండా కూర్చున్న 70 కిలోల మనిషి కొక్కెం మీద 70 కిలోల బలాన్నే మోపుతాడు. నిలువు నుండి 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణంలో ఆ బలం రెట్టింపై 140 కిలోలవుతుంది. అదీ నిమిషానికి పలుమార్లు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. నూతన భవనాలలో అనేక శ్లాబుల లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. ఒక్కొక్క తీగ పేటలో పది టన్నులకు మించిన లాగుడు బలం నిక్షిప్తమై ఉంటుంది. పటం చూడకుండా పైకప్పుకు కన్నం వేయడం వల్ల అటువంటి తీగ తెగితే వేసినవారికీ, భవనానికీ కూడా ప్రమాదమే. అటువంటి చోట నేల మీద నిలిచే చట్రపు ఉయ్యాలే శ్రేయస్కరం.

ఉప్పు చేసే నిశ్శబ్ద దాడి

గల్ఫ్ ప్రాంతంలో గోడను గురించి మాట్లాడేటప్పుడు రసాయన శాస్త్రాన్ని విస్మరించరాదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అంటే తడిసున్నం, పుడుతుంది. దానివల్ల కాంక్రీటు లోపలి తేమ తీవ్రమైన క్షారగుణం కలిగి ఉంటుంది. దాని పీహెచ్ విలువ 12.5కు పైమాటే. ఆ వాతావరణంలో ఇనుప కమ్మీ మీద కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, కవచం వలె తుప్పును నివారిస్తుంది. కాంక్రీటులో ఇనుము దశాబ్దాల పాటు చెడకుండా ఉండడానికి రహస్యమిదే.

ఈ కవచానికి ఇద్దరు శత్రువులు. ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది మెల్లగా లోనికి చొరబడి తడిసున్నాన్ని సుద్దగా మారుస్తుంది. క్షారగుణం తగ్గిపోతుంది. రెండవది ఉప్పులోని క్లోరైడు. అది క్షారగుణం ఉన్నప్పటికీ కవచానికి చిల్లులు పొడుస్తుంది. పైగా తుప్పు చర్యలో క్లోరైడు ఖర్చు కాదు. ఇనుముతో కలిసి, మళ్ళీ విడిపోయి, మరొక చోట పనికి పూనుకొంటుంది. మహాసముద్రాల నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, ఖతార్ చుట్టూ ఉన్న నీటిలో 40 గ్రాములకు పైగా ఉంటాయి. నేలలోని నీరూ ఉప్పుదే, గాలిలోనూ ఉప్పే. ఎండవేడిమి ప్రతి రసాయన చర్యనూ వేగిరపరుస్తుంది. 1970వ దశకంలో గల్ఫ్‌లో నిర్మాణాలు ముమ్మరమైనప్పుడు ఉప్పు కలిసిన ఇసుక, కంకర వాడిన భవనాలు కొన్నేళ్ళకే పెచ్చులూడడంతో అక్కడి నిర్మాణ నియమాలు కఠినమయ్యాయి. కోస్తా ఆంధ్రలో సముద్రతీరపు ఇళ్ళకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

తుప్పు, తాను పుట్టిన ఇనుము కన్నా రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుండే చీలుతుంది. అందువల్ల స్తంభం వెంబడి నిలువుగా కనబడే పగులు, గోధుమరంగు మరక, పెచ్చు ఊడిన చోటు కేవలం అందానికి కలిగిన లోపాలు కావు. వాటిని పుట్టీతో పూడ్చి రంగు వేయడం జ్వరమానిని పగులగొట్టి జ్వరం తగ్గిందనుకోవడం వంటిది. ఫినాఫ్తలీన్ అనే ద్రావణాన్ని అప్పుడే పగిలిన కాంక్రీటు ముక్క మీద చల్లితే, క్షారగుణం ఉన్నచోట గులాబి రంగు వస్తుంది, లేనిచోట రాదు. కళాశాల ప్రయోగశాలలో చూసిన ఆ రంగే ఇక్కడ కవచం ఎంత లోతు దాకా పోయిందో చెబుతుంది. ఉప్పు పరీక్ష మాత్రం విడిగా చేయించవలసిందే. కన్నం వేసేటప్పుడు లోహం తగిలితే వెంటనే ఆపివేయాలి. కమ్మీ అయినా, నీటి గొట్టమైనా, విద్యుత్తు గొట్టమైనా ముందుకు పోవడం తగదు.

అనుమతి ఎందుకు?

ఖతార్‌లో 1985 నాటి 4వ చట్టం ప్రకారం పురపాలక శాఖ అనుమతి లేకుండా భవనాన్ని కట్టడం, పెంచడం, మార్చడం, పడగొట్టడం నిషిద్ధం. అద్దెకున్నవారు యజమాని సమ్మతి కూడా పొందాలి. ఇది కేవలం కాగితాల తతంగమని విసుక్కోవడం సహజమే. కాని అంతస్తుల భవనంలో ఏ గోడా ఒక్క కుటుంబానికి చెందదు. నాలుగవ అంతస్తులోని గోడ ఐదవ అంతస్తులో నిద్రించే శిశువు బరువును కూడా మోస్తూ ఉండవచ్చు. అనుమతి అనేది ఆ శిశువు తరఫున అడిగే ప్రశ్న.

దోహాలోనైనా, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, సుత్తి ఎత్తకముందు ఈ ఆరు ప్రశ్నలకు సమాధానాలు సేకరించాలి.

1. భవన నిర్మాణ పటం చేతిలో ఉన్నదా? ఆ గోడ స్థానంలో స్తంభం గాని, దూలం గాని, కాంక్రీటు గోడ గాని ఉన్నదా?

2. ఆ గోడకు సరిగ్గా పైన ఏమున్నది? మరొక గోడా, నీటి తొట్టెనా, మెట్లా?

3. లోపల విద్యుత్తు, నీరు, గ్యాసు గొట్టాలు ఎటు పోతున్నాయి?

4. కొత్తగా చేర్చే బరువెంత? అది ఏ దూలం మీద పడుతుంది?

5. ఇప్పటికే ఏటవాలు పగుళ్ళు, తుప్పు మరకలు, బిగుసుకుపోయిన తలుపులు ఉన్నాయా? పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తే అది పెరుగుతున్నదో లేదో కొన్ని వారాలలో తెలుస్తుంది.

6. లెక్కలు చూసి సంతకం చేసే ఇంజనీరు ఎవరు? గోడకు గుమ్మం తెరిచేటప్పుడు ముందుగా ఆసరాలు పెట్టి, తగిన లింటెల్‌ను రెండువైపులా కనీసం 15 సెంటీమీటర్లు ఆనేటట్లు అమర్చే మేస్త్రి ఎవరు?

దూరాన ఉండి స్వదేశంలో పని చేయించేవారు “మేస్త్రి ఫరవాలేదన్నాడు” అన్న మాటతో తృప్తి చెందరాదు. మేస్త్రి నైపుణ్యం గోడ కట్టడంలోనిది. శ్లాబు భారం ఎటు ప్రవహిస్తున్నదో తేల్చడం వేరొక విద్య. పటాన్నీ, గోడకు రెండువైపులా, పై అంతస్తులోనూ తీసిన ఛాయాచిత్రాలనూ ఇంజనీరుకు పంపి, అతను స్వయంగా చూసి వ్రాతపూర్వకంగా ఇచ్చిన సలహా వచ్చేవరకు ఆగడం మేలు. ఆ సలహాకయ్యే ఖర్చు, పని మొత్తానికయ్యే ఖర్చుతో పోలిస్తే స్వల్పం. భవనం ఇప్పటికే చప్పుళ్ళు చేస్తున్నా, పగుళ్ళు గంటల్లో పెరుగుతున్నా సలహా కోసం కూడా ఆగరాదు. అందరినీ వెలుపలికి పంపి, ఖతార్‌లోనైతే 999కు ఫోను చేయాలి.

రంగు మార్చుకొనవచ్చు, తెర మార్చుకొనవచ్చు, తగిన బిగింపుతో పటం తగిలించుకొనవచ్చు. ఇంటిని తమదిగా చేసుకొనాలన్న కోరిక సహజమైనదే. ఆ గోడ ఏమి మోస్తోందో తెలిసిన తరువాతనే దాని మీద చేయి వేయాలి.